చదివింపుల పుస్తకం చెప్పే పాఠం

మీ ఇంటి పెట్టెలో పాత చదివింపుల పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారో అందులో రాసి ఉంటుంది. రేపు వారింట శుభకార్యం వస్తే, ఆ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా మనమూ చదివిస్తాము. ఇది కానుకా, అప్పా? రెండూను. దీనికి నోటు లేదు, వడ్డీ లేదు, సాక్షి సంతకం లేదు. అయినా ఎగవేసేవారు అరుదు. ఎందుకంటే ఈ డబ్బు వెనుక బంధుత్వం ఉంది, పరువు ఉంది.

పూర్వ సమాజాలలో ఆర్థిక జీవితం మానవ సంబంధాలలోనే ఇమిడి ఉండేదని కార్ల్ పొలానీ అనే పండితుడు 1944లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. మన సీమవాసులకు ఇది కొత్త సంగతి కాదు. ఆదోని, కోసిగి వైపు పల్లెల నుండి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయేవారిని చూడండి. బంధువులు, ఇరుగుపొరుగువారు జట్టుగా కదులుతారు. పని ఉందన్న కబురు, జబ్బు చేస్తే ఆసరా, అన్నీ ఆ జట్టులోనే దొరుకుతాయి.

ఈ బలాన్నే పొదుపు సంఘాలు ఆధారం చేసుకున్నాయి. 1992లో నాబార్డు సంస్థ 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. 1995 నుండి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో మన జిల్లాలో పేదరిక నిర్మూలన పథకం నడిచింది. నంద్యాల దారిలోని ఓర్వకల్లు మహిళలు మండలమంతటికీ పొదుపు ఐక్య సంఘం కట్టుకున్నారు. తాకట్టు పెట్టడానికి సెంటు భూమి లేని తల్లికి తోటి స్త్రీల నమ్మకమే తాకట్టు అయింది.

అయితే ఇదే బంధం ఉరితాడుగా కూడా మారగలదు. కొన్ని సూక్ష్మరుణ కంపెనీలు ఇలాగే గుంపులు కట్టించి, వారం వారం కంతులు వసూలు చేశాయి. ఒకరు కట్టలేకపోతే మిగతావారు కట్టాలి. నిన్నటి దాకా చేదోడుగా ఉన్న పొరుగింటి అక్కే గడప ముందు నిలబడి నిలదీయవలసి వచ్చింది. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు రాగా, 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారపు కంతులను నెలసరి కంతులుగా మార్చింది.

రెండు చోట్లా గుంపు ఒకటే, పూచీ ఒకటే. తేడా ఎక్కడ? ఒకచోట డబ్బు బంధానికి సేవ చేసింది. మరొకచోట బంధాన్ని డబ్బుకు కాపలా పెట్టారు. పరస్పర విశ్వాసం, సంఘీభావం లేనిదే సంత కూడా తన పని తాను చేయలేదని 16వ బెనెడిక్టు జగద్గురువులు 2009 నాటి విశ్వలేఖలో బోధించారు.

మరొక మాట. బంధం ఎంత దూరం పోతే నమ్మకమూ అంత దూరమే పోతుంది. మన చదివింపుల పుస్తకంలో ఒక్క పేరైనా లేని వీధి మన ఊరిలోనే ఉంటుంది. అక్కడివారికి చేబదులు పుట్టదు. అది వారి సోమరితనం కాదు, మనం గీసిన గీత.

ఆలోచించండి:
1. పరువు కోసం చేసిన అప్పు మన ఇంట ఎంత ఉంది?
2. కష్టకాలంలో మనం పూచీ పడగలిగిన పరాయి కులస్థుడు ఒక్కడైనా ఉన్నాడా?
3. మన సంఘంలో కంతు కట్టలేని సోదరిని ముందు అడిగేది డబ్బునా, ఆమె కష్టాన్నా?