ఫోటో పంపకండి, అక్షరం పంపండి

చూపు లేనివారికి, వినికిడి లేనివారికి కూడా అందేలా నోటీసు తయారుచేయడం ఎలా?

నెల్లూరు జిల్లా కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వైపు ఇప్పుడు ఏ కబురైనా ముందు వాట్సాప్‌లోనే వస్తోంది. పింఛన్ల జాబితా, ఈకేవైసీ గడువు, బడిలో మీటింగు, వైకల్య ధ్రువీకరణ కోసం పెట్టే సదరం శిబిరం తేదీ, అన్నీ అందులోనే. నోటీసు ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, ఫోన్‌తో ఫోటో కొట్టి గ్రూపులో పెడతారు. చూపున్నవాళ్లు దాన్ని పెద్దది చేసుకుని చదువుకుంటారు. చూపు లేని మనిషి ఫోన్ మాత్రం చాలాసార్లు ‘ఫోటో’ అని పలికి ఊరుకుంటుంది. సదరం శిబిరం ఎవరి కోసం పెట్టారో వాళ్లకే ఆ కబురు చేరదు.

ఇది దయ తలచి చేసే పని కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సచివాలయం ఉద్యోగి, బడి పంతులు, డీటీపీ సెంటర్ నడిపేవారు, గ్రూపు అడ్మిన్, ఎవరైనా ఈ పని నేర్చుకోవచ్చు. ఉన్న ఫోను, ఉన్న కంప్యూటరు చాలు.

1. ముందు మీరు విని చూడండి

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి, తెరమీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. తెలుగు గొంతు లేకపోతే టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్స్‌లో దించుకోవచ్చు. ఇక దేన్నైనా ఒకసారి తాకితే ఫోన్ దాని పేరు చదువుతుంది, రెండుసార్లు వెంటవెంటనే తడితే తెరుస్తుంది. పేజీ జరపాలంటే రెండు వేళ్లు వాడాలి. కళ్లు మూసుకుని, మీరు గ్రూపులో పెట్టిన పాత నోటీసు వినండి. కంప్యూటర్లో అయితే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇదే పని చేస్తుంది.

2. యూనికోడ్‌లోనే టైపు చేయండి

మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లు వాడుతున్నారు. వాటిలో తెరమీద కనిపించేది తెలుగే అయినా, లోపల దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్. చదివే సాఫ్ట్‌వేర్ చూసేది ఆ కోడ్‌నే కాబట్టి అర్థం లేని శబ్దాలు పలుకుతుంది. పరీక్ష సులువు: ఫైల్లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే సరే. పిచ్చి గీతలు, గుర్తులు వస్తే అది పనికిరాదు. గౌతమి, మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లలో టైపు చేయండి. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు, కానీ ఒత్తులు, అంకెలు మళ్లీ సరిచూడాలి.

3. శీర్షికను శీర్షికగా పెట్టండి

అక్షరాలు లావు చేసినంత మాత్రాన శీర్షిక అయిపోదు. వర్డ్‌లో ఆ వరుసను ఎంచుకుని స్టైల్స్‌లో హెడింగ్ 1, దాని కింది విభాగాలకు హెడింగ్ 2 ఇవ్వండి. అప్పుడు ఎన్‌వీడీఏ వాడేవారు హెచ్ మీట నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు వెళ్లగలరు. పది పేజీల పత్రంలో కావలసిన చోటు కోసం మొదటి నుంచీ వినక్కర్లేదు. పట్టికలో పై వరుసను హెడర్‌గా గుర్తించండి, గడులు కలపకండి.

4. బొమ్మకు మాట జోడించండి

వర్డ్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ అని వస్తుంది. బొమ్మలో ఏముందో అక్కడ ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి. ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్లో అమ్ముతున్నారనుకోండి. ‘గరిటెల ఫోటో’ అంటే కొనేవారికి ఏమీ తెలియదు. ‘లేత గోధుమరంగు చెక్కతో చేసిన మూడు గరిటెలు, పొడవు కాడలు, ఒకదానికి చిల్లులు’ అంటే తెలుస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనూ ఈ సదుపాయం ఉంది. వాట్సాప్‌లో ఫోటో కింద క్యాప్షన్‌గా రాయండి.

5. రంగు మీదే ఆధారపడకండి

‘ఎర్రగా ఉన్న పేర్లవాళ్లు రావాలి’ అంటే రంగులు సరిగా తెలియనివారికి ఎలా? పేరు పక్కనే ‘రావాలి’ అని రాయండి. అక్షరాల రంగుకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. తెల్ల కాగితం మీద పసుపు అక్షరాలు అసలు వద్దు. తెలుపు మీద నలుపు ఎప్పుడూ మేలు.

6. వీడియోకు అక్షరాలు వేయండి

వినపడనివారి కోసం మాటలన్నీ కింద క్యాప్షన్లుగా రావాలి. పుట్టుకతో వినికిడి లేని చాలామందికి మొదటి భాష సైగల భాషే కాబట్టి వాక్యాలు చిన్నవిగా రాయండి. చూపు లేనివారి కోసం తెరమీద చూపించే తేదీ, ఫోన్ నంబరు నోటితో కూడా చెప్పండి.

7. పీడీఎఫ్‌తో జాగ్రత్త

ప్రింటు తీసి స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా ఫోటోతో సమానమే. వర్డ్ నుంచి నేరుగా సేవ్ యాజ్ పీడీఎఫ్ చేయండి, ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. అయినా తెలుగు పీడీఎఫ్‌లలో ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవడం మామూలే. అందుకే దానితోపాటు వర్డ్ ఫైలు గానీ, అదే విషయం టైపు చేసిన మెసేజ్ గానీ పంపండి. సంతకం, ముద్ర ఉన్న ప్రతి తప్పనిసరైతే ఆ ఫోటో కూడా పెట్టండి, కానీ మెసేజ్ మానకండి. లింకు ఇస్తే ‘ఇక్కడ నొక్కండి’ అనకుండా ‘సదరం దరఖాస్తు’ అని పేరు పెట్టండి.

8. చివరి పరీక్ష మనిషితోనే

వర్డ్‌లో రివ్యూ కింద చెక్ యాక్సెసిబిలిటీ నొక్కితే కొన్ని లోపాలు అదే చూపిస్తుంది. అన్నీ పట్టుకోలేదు. మీ ఊళ్లో టాక్‌బ్యాక్ వాడేవారు ఉంటే వారికి ముందుగా పంపి, ఫోన్ చేసి అడగండి: శిబిరం ఎప్పుడు, ఎక్కడ, ఏమేం తెచ్చుకోవాలి? ఎవరి సాయం లేకుండా ఈ మూడూ చెప్పగలిగితే నోటీసు సిద్ధమైనట్టే. చెప్పలేకపోతే లోపం వారిది కాదు, మన నోటీసుది. దిద్ది మళ్లీ పంపండి.