ముందు ప్రశ్న, తర్వాత పీహెచ్‌డీ

కరీంనగర్

బిడ్డా,

మీ బాపు ఫోన్ చేసిండు. "ఎంబీబీఎస్ అయినంక పీజీ సీటు సంగతి చూడకుండ పీహెచ్‌డీ అంటాంది, నువ్వన్న చెప్పు" అన్నడు. నిన్ను ఆపనీకి రాస్తలేను. దారి తెలిసి పోవాలెనని రాస్తున్న.

అమెరికాలో ఈ చదువుకు పక్కా రోడ్డున్నది. అక్కడి సర్కారు వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 1964లోనే ఎండీ, పీహెచ్‌డీ కలిపి చదివించే పథకం పెట్టింది. సుమారు ఎనిమిదేండ్లు పడుతది, ఫీజు వాళ్లే కట్టి స్టైపెండ్ ఇస్తరు. మన దగ్గర అసొంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ ముక్కలు ముక్కలుగ ఎవరి దారి వాళ్లు అతుకు పెట్టుకోవాల్సిందే.

యల్లాప్రగడ సుబ్బారావు అట్లనే అతుకు పెట్టుకున్నడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాతో పోయిండ్రు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తోనే బయటపడ్డడు. 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ అయ్యింది. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూకు అది మందయ్యింది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్న పిల్లలకు డాక్టర్లు రోజూ రాసే గోలీ అదే. బోదకాలు నివారణకు కరీంనగర్‌లో ఇంటింటికి తిరిగి మింగించిన డీఈసీ గోలీ కూడ ఆ బృందం నుంచి వచ్చిందే.

ఆ బోదకాలు సర్వేలకు నేనూ తిరిగిన. ఆ జబ్బు పురుగు పిల్లలు, మైక్రోఫైలేరియా, పగలు లోపలి రక్తనాళాల్ల దాక్కుంటది, రాత్రే పైకి వస్తది. అందుకే రాత్రి పది దాటినంక టార్చిలైటు పట్టుకొని వాడల్లకు పోయేది. వాకిట్ల మంచాల మీద పండుకున్నోళ్లను లేపి, వేలికి సూది గుచ్చి, స్లైడు మీద రక్తం మందంగ రుద్దేది. నిద్ర చెడిన ముసలమ్మల తిట్లు కూడ ఆ సర్వేలో భాగమే! పొద్దుగాల మైక్రోస్కోపు ముందు కూసున్నోనికి ఆ వాకిలి కనపడది. రెండూ చూసినోళ్లకే కొన్ని ప్రశ్నలు పుడతయి.

నీకు ఆదిలాబాద్ రిమ్స్‌లో అసొంటి ప్రశ్న చేతికందే దూరంల ఉన్నది. ఒకే తల్లి పిల్లలు, ఇద్దరికీ అదే సికిల్ జన్యువు. ఒకడు మాటిమాటికి ఎముకల నొప్పితో వార్డుల చేరుతడు, వాని తమ్ముడు చెట్లెక్కుతడు. గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువుంటే జబ్బు జోరు తగ్గుతదని తెలుసు, హైడ్రాక్సీయూరియా పనిచేసేది చాలావరకు దాన్ని పెంచే. మరి తమ్మునికి ఏది అడ్డం నిలబడ్డది? హైదరాబాద్ సీసీఎంబీ ల్యాబుల జన్యువులు చదివే మిషన్లున్నయి. కాని ఉట్నూరు గూడెంల ఆ ఇంటి గడప తొక్కి, ఏండ్ల తరబడి ఆ పిల్లలను చూసే మనిషి కావాలె. గోండి మాట్లాడటం నేర్చుకో. సగం రీసెర్చి అక్కడనే ఉన్నది.

ఈ ఏడు ఐసీఎంఆర్ వాళ్ల విద్యార్థి రీసెర్చి పథకం ఎస్‌టీఎస్‌కు అప్లై చెయ్యి, రెండు నెలల్లో ఈ పని నీకు పడుతదో లేదో తెలుస్తది. పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష ఎంబీబీఎస్ వాళ్లు కూడ రాయొచ్చు. కాని పీహెచ్‌డీకి ముందే పీడియాట్రిక్స్‌లోనో మెడిసిన్‌లోనో ఎండీ చెయ్యమంట. రోగి చెయ్యి పట్టుకునుడు మరిచిన డాక్టరు ల్యాబుల చుట్టమైపోతడు. ఎండీ అయినోళ్ల రీసెర్చికి ఫెలోషిప్పులు ఇచ్చే ఇండియా అలయెన్స్ ఆఫీసు హైదరాబాద్‌లనే ఉన్నది. గైడును మాత్రం పేరు చూసి ఎంచుకోకు. ఆయన దగ్గర పీహెచ్‌డీ మధ్యల వదిలేసి పోయినోళ్లను వెతికి పట్టుకొని అడుగు. ప్రమోషన్ కోసం పేపర్లు అచ్చువేసే కొలువుకు దూరంగుండు.

పైసల ముచ్చట దాచను. నీ బ్యాచోళ్లు మంకమ్మతోటల నర్సింగ్‌హోం బోర్డు కట్టే యాళ్లకు నువ్వు ఇంకా స్టైపెండ్ మీదనే ఉంటవు. మీ బాపు రంధి అదే, ఆయనది తప్పు కాదు. ఆయనతో నేను మాట్లాడుత.

నువ్వు మటుకు ఆ సికిల్ అన్నదమ్ముల గురించి ఏమి తెలుసుకోవాలనుకుంటున్నవో ఒక్క వాక్యంల రాసి పంపు. పేజీ నిండ రాస్తే చదవను.

మీ మామ