కాగితపు గోడ నేర్పిన పాఠాలు

అనంతపురం జిల్లాలోని మా మెట్ట పొలంలో మోటారు షెడ్డు, కోళ్ల గూడు, గొర్రెల కొట్టం, మూడింటినీ కాగితపు ఇటుకలతోనే కట్టాను. పాత వార్తాపత్రికల గుజ్జులో సిమెంటు, ఇసుక కలిపి అచ్చు పోసే ఈ ఇటుకను పేపర్‌క్రీట్ అంటారు. అమెరికాలో 1928లోనే దీనికి పేటెంటు తీసుకున్నా, సొంతంగా కట్టుకునేవాళ్ల చేతికి వచ్చింది 1980ల నుంచే. న్యూ మెక్సికో, ఆరిజోనా లాంటి పొడి నేలల్లో అది నిలదొక్కుకుంది. మా సీమ ఎండకూ సరిపోయింది. కోనసీమలో కట్టమని మాత్రం ఎవరికీ చెప్పను.

1. ఇంట్లో ఉన్న విద్యను ముందు అడగాలి.

మా అమ్మ పాత కాగితాలు, మెంతులు నానబెట్టి, రోట్లో రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి తట్టలు చేసేది. గుజ్జులో నీళ్లు గట్టిగా పిండితే గాని మెత్తేది కాదు. నేను జారుగా ఉన్న గుజ్జును అచ్చుల్లో పోశాను. ఇటుకలు ఆరేకొద్దీ కుంచించుకుపోయి వంకరలు తిరిగాయి. అడిగి తెలుసుకుందామంటే అప్పటికి అమ్మ లేదు.

2. సిమెంటు దగ్గర పిసినారితనం పనికిరాదు.

అమెరికాలో ఎక్కువమంది వాడే పాళ్లలో సుమారు 600 లీటర్ల నీళ్లకు 27 కిలోల కాగితం, 43 కిలోల సిమెంటు, కొంత ఇసుక ఉంటాయి. ఆ నీళ్లలో చాలా భాగం అచ్చులోంచి కారిపోయేదే. మొదట నేను సిమెంటు బాగా తగ్గించాను. ఇటుక తేలిగ్గా వచ్చిందని మురిసిపోయాను. తడి తగిలాక బూజు పట్టింది, తర్వాత చెదలు వచ్చాయి. సిమెంటు గుజ్జు చేతులను తినేస్తుంది, రబ్బరు తొడుగులు తప్పనిసరి.

3. కాగితపు గోడ నేలను తాకకూడదు.

నాయనా, మిగతావన్నీ మరిచిపోయినా దీన్ని మరవొద్దు. గొర్రెల కొట్టానికి పునాది ఖర్చు ఎందుకని, నేల చదును చేసి ఇటుక పేర్చేశాను. దీపపు వత్తి నూనె పీల్చినట్టు గోడ అడుగు నుంచి తడిని పీల్చింది. పైగా గొర్రెల మూత్రం. మా వైపు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వానలు ఎక్కువ. ఆ వానలు వెళ్లేసరికి అడుగు వరసలు మెత్తబడి గోడ ఒక పక్కకు ఉబ్బింది. ఆ ఇటుకల్లో చాలావాటిని అచ్చు పోసింది నా భార్య. ఆమె ఎదుటే వాటిని గడ్డపారతో పొడిచి తీయాల్సి వచ్చింది. మళ్లీ కట్టినప్పుడు రెండడుగుల ఎత్తున రాతి కట్టుబడి లేపి, దాని మీద తారు షీటు పరిచి, ఆ పైన ఇటుక పెట్టాం. చూరు రెండడుగులు బయటికి దించాం, గోడకు రెండు వైపులా పూత పూశాం. ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం లోపల చెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది. రేకు గోడల కొట్టంలో రొప్పే గొర్రెలు ఇందులో నెమరేస్తూ పడుకుంటాయి. ఇంత కష్టానికి నాకు దక్కిన ఫలితం అదే.

4. కప్పు బరువు రాయి మోయాలి.

కాగితపు ఇటుక బరువు పడితే అణుగుతుంది, మెల్లగా కుంగుతుంది. రాతి కూసాలు నాటి కప్పును వాటి మీద నిలపండి. గోడ ఆ సందులను పూడ్చితే చాలు.

5. మంట కనిపించని నిప్పుకే ఎక్కువ భయపడాలి.

ఈ ఇటుక భగ్గున అంటుకోదు, అందుకే మనిషి ధీమా పడతాడు. కానీ సిమెంటు తక్కువైన చోట నిప్పు లోపలికి పాకి, పైకి తెలియకుండా చాలాసేపు రగులుతూనే ఉంటుంది. మోటారు షెడ్డులో స్టార్టరు పెట్టెను గోడకే బిగించాను. ఒకసారి తీగ కాలి వాసన వస్తే, నీళ్లు చల్లి ఆరిందనుకుని ఇంటికి వచ్చేశాను. తెల్లారి వెళ్లేసరికి పెట్టె వెనక గోడ లోపల చెయ్యి పట్టేంత గుంత, ఇంకా వేడిగానే ఉంది. ఇప్పుడు స్టార్టరు, తీగలు అన్నీ రాతి కూసానికే ఉన్నాయి. చివరగా ఒక మాట: మీరు కడితే సంక్రాంతి తర్వాత ఇటుకలు అచ్చు పోయండి, ఎండలకు బాగా ఆరతాయి. ముందు ఒక్క ఇటుకే చేసి, పూర్తిగా ఆరాక తూచి, రాత్రంతా నీళ్లలో వేసి మళ్లీ తూచండి. పెరిగిన బరువు చూశాక రాతి కట్టుబడి ఎంత ఎత్తు లేపాలో నన్ను అడగనక్కర్లేదు.