బిడ్డ దేహముపై గాయము – వైద్యుని దృష్టి

ఆడుకొను బిడ్డకు దెబ్బ తగులుట సహజము. మోకాలు గీచుకొననివాడు మన పాఠశాలలో ఒక్కడైనను ఉండడు. అయితే కొన్ని గాయములు ఆటలో తగిలినవి కావు. వానిని వైద్యులెట్లు గుర్తింతురో తల్లిదండ్రులును తెలిసికొనవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

వైద్యుడు ముఖ్యముగా చూచునది, గాయమునకును చెప్పిన కారణమునకును పొత్తు కుదురునా యని. నడకరాని పసికందు దేహముపై కమిలిన మచ్చ యుండుట అరుదు. నడచు పిల్లలకు మోకాళ్లు, నుదురు కములును. చెవి, మెడ, పిరుదులు ఊరక కమలవు. వేడినీళ్లు ఒలికినచో మచ్చలు చెదరియుండును. కాలిని ముంచినచో మేజోడు తొడిగినట్లు సమమైన గీత ఏర్పడును. బెల్టు, త్రాడు తమ ఆకారమునే చర్మముపై విడిచిపోవును. మచ్చ రంగును బట్టి దెబ్బ ఎన్నినాళ్లదో చెప్పవచ్చునని పూర్వము నమ్మెడివారు. ఆ లెక్క నమ్మదగినది కాదని పిమ్మట తేలినది.

1946లో జాన్ కేఫీ అను అమెరికా వైద్యుడు, తలలో నెత్తురు చేరిన ఆరుగురు శిశువుల ఎముకలు విరిగియుండుట ఎక్స్‌రేలలో గమనించెను. 1962లో హెన్రీ కెంపె, ఆయన సహచరులు ఇట్టివారిని 'దెబ్బలు తిన్న శిశువులు' అని పేర్కొని వ్రాసిన పిమ్మటనే వైద్యలోకము కన్ను తెరచినది.

మన కొండసీమలో మరియొక చిక్కు కలదు. పొట్ట ఉబ్బినను, జ్వరము విడువకున్నను, కాల్చిన ఇనుముతో పసిబిడ్డకు వాతలు పెట్టుదురు. 1992 వరకు కోరాపుట్ జిల్లాలో భాగమైయున్న నవరంగపురమున, 2025 మార్చిలో నెల బిడ్డ దాదాపు 40 వాతలతో ఆసుపత్రికి చేరెను. పెట్టినవారికి ద్వేషము లేదు; బిడ్డ బ్రతుకవలెననియే పెట్టిరి. కాని చర్మమునకు ఉద్దేశము తెలియదు. పుండు చీము పట్టును, అసలు వ్యాధికి మందు ఆలస్యమగును. ఇది కొండవారి మౌఢ్యమని మనము నవ్వరాదు. పచ్చకామెర్లకు వాత పెట్టించుట తెలుగు పల్లెలు ఎరుగనిది కాదు.

తొందరపడి నిందవేయుటయు తప్పే. అనేక శిశువుల నడుముపై పుట్టుకతో నుండు నీలిమచ్చ దెబ్బ కాదు. ఈ జిల్లాలలో కనబడు సికిల్‌సెల్ వ్యాధిలో పసివారి చేతులు, పాదములు వాచును. అదియు కొట్టుట వలన కాదు.

రాయగడ, గుణుపురము, కోరాపుట్‌లలోని తెలుగువారము మనము ఇంకొకటి గమనింపవలెను. గాయము తగిలిన తీరు చెప్పినపుడెల్ల మారుచున్నచో వైద్యునికి అనుమానము కలుగును. తెలుగే ఎరిగిన అమ్మమ్మ ఒకటి చెప్పి, మేనమామ దానిని తనకు వచ్చిన ఒడియాలో మరొకటిగా చెప్పినచో, అదియు మారిన కథగానే కాగితమున కెక్కును. కావున ప్రమాదమును చూచినవారే తెలుగులో చెప్పవలెను. బాగుగా ఒడియా వచ్చినవారొకరే దానిని ఉన్నదున్నట్లు వినిపింపవలెను. మాటలు వచ్చిన బిడ్డను, పెద్దలు ప్రక్కన లేనపుడు, వాని భాషలోనే అడుగనిండు.

పాఠశాలయు దీనికి వెలి కాదు. బడిలో కొట్టుటను 2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షను నిషేధించినది. బెత్తము లేనిదే చదువు రాదను పెద్దలు మన సంఘములో ఇంకను కలరు; వారితో మేము ఏకీభవింపము. వీపుపై తట్లు తేలియున్నచో, అవి ఇంటివైనను బడివైనను, 1098కు ఫోను చేయవచ్చును. దీనికి రుసుము లేదు. ఆసుపత్రికి పోవుటకు ముందు గాయముపై పసుపు గాని సున్నము గాని పూయకుడు. వైద్యుడు చూడవలసిన గుర్తులు వాని క్రింద మరుగుపడును.