బాల్ జాయింట్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: గుంతల్లో కారు ముందు చక్రం దగ్గర టకటక శబ్దం. బాల్ జాయింట్ అరిగిందన్నారు. నేనే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సుల్తాన్ బజార్, హైదరాబాద్

జవాబు: జాయింట్‌ను ఎలా బిగించారన్న దాన్నిబట్టి ఉంటుంది. బోల్టులతో ఉంటే పానాలు, జాయింట్ పుల్లర్, టార్క్ రెంచ్‌తో మార్చుకోవచ్చు. చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్‌లోకి ప్రెస్ చేసి ఉంటే మాత్రం సుత్తి దెబ్బలకు ఆర్మ్ వంగవచ్చు. ఆర్మ్ మొత్తం మార్చడమే మేలు. గ్రీజు కొడితే చాలదా అంటారేమో. చిరిగిన రబ్బరు బూటులోంచి నీరు, దుమ్ము చేరి లోహం అరిగాక గ్రీజు దాన్ని తిరిగి తేలేదు. మీరే చేసుకుంటే కూలీ మిగులుతుందన్నది నిజమే. కానీ జాయింట్ ఊడితే చక్రం పక్కకు ఒరిగి స్టీరింగ్ అదుపు తప్పుతుంది. ఇరుకు సందులో, వాలులో ఈ పని వద్దు. చదునైన చోట స్టాండ్లు పెట్టండి, జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరకండి. చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పక చేయించండి.