పరిశోధకులు ప్రజాచర్చలోకి దిగవచ్చా?

ప్రశ్న: ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ప్రభుత్వ పథకాలపై బహిరంగంగా మాట్లాడితే నిష్పాక్షికత పోతుందని తోటివారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆధారం చూపకుండా మాట్లాడితేనే పోతుంది. జీన్ డ్రెజ్‌నే తీసుకోండి. బెల్జియంలో పుట్టి 2002లో భారత పౌరసత్వం తీసుకున్న ఈ ఆర్థికవేత్త, 1989లో అమర్త్యసేన్‌తో కలిసి ఆకలిపై గ్రంథం రాశారు. తర్వాత బడులు, రేషన్ దుకాణాలు, ఉపాధి పనులపై పల్లెల్లో సర్వేలు చేశారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం తొలి ముసాయిదాలో ఆయన పాత్ర ఉంది. సర్వేల్లో తేలిన సంగతులను సభల్లో, పత్రికల్లో వినిపించారు కాబట్టే వాటికి విధానాలను కదిలించే బలం వచ్చిందని నా నమ్మకం.

ఉద్యమంలో ఉన్నవారు తమకు నచ్చిన లెక్కలే చూస్తారన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. ఆ ప్రమాదం నిజంగానే ఉంది. అయితే తాను కోరి సాధించిన పథకంలోనే కూలి చెల్లింపుల జాప్యాన్ని, మస్టర్లలోని (కూలీల హాజరు పట్టీల్లోని) అవకతవకలను డ్రెజ్ ఎత్తిచూపారు. ఆ పథకంపై ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సామాజిక తనిఖీల బలమూ అక్కడే ఉంది: మస్టరును ఊరందరి ముందు చదివితే, పని చేసినవారే తప్పు పట్టగలరు. నోరు విప్పని పండితుడికీ అభిప్రాయాలుంటాయి, కాకపోతే వాటిని ఎవరూ పరీక్షించలేరు. కనుక మీ నమూనాను, ప్రశ్నావళిని, లెక్కగట్టిన తీరును వ్యాసంతోపాటే అందరి ముందూ పెట్టండి. సిద్ధాంత వ్యాసం పూర్తయ్యేదాకా మాత్రం ఎక్కువ సమయం క్షేత్రానికే ఇవ్వండి.