మందుకు ముందు మంచినీళ్లు

హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతతరం వాళ్లు కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట పడి కోరంటి అయింది. అంటురోగం తగిలినవారిని వేరుగా ఉంచడం తప్ప వైద్యుల చేతిలో పెద్దగా మందు లేని కాలం నాటి పేరది.

దానధర్మం అనగానే మనకు దవాఖాన, మందుసీసా గుర్తొస్తాయి. అవీ కావాలి. కానీ ఆ నగరంలో రోగాలను తగ్గించిన పనులు వేరే ఉన్నాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహా మీద కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లోనూ, హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వరదను ఆపే చెరువులే ఊరికి తాగునీరూ ఇచ్చాయి. కలరా పాకేది నీళ్లలోనే. మరుగుదొడ్డి మురుగు బావిలోకి ఊరితే ఒక్క రోగితో వీధంతా పడకేస్తుంది. వడగట్టిన నీళ్లు కొళాయిలో (అక్కడివారు నల్లా అంటారు) వస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ప్లేగు సంగతి వేరు. ఎలుక ఒంటిమీద బతికే చిన్న పురుగు, ఎలుక చస్తే మనిషి మీదికి దూకుతుంది. అందుకే ఎలుకలు రాలగానే జనం ఇళ్లు వదిలి ఊరిబయట గుడిసెలు వేసుకునేవారు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు తీసి, వీధులు వెడల్పు చేసి, గాలీ వెలుతురూ ఆడే ఇళ్లు కట్టించింది.

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) గతించిన తల్లి పేర ఏ దానం మేలని అడిగితే, దైవప్రవక్త (స) నీళ్లని చెప్పారు. ఆయన బావి తవ్వించారు.

మన తాడిమర్రి ప్రాంతంలో బోరు వేయించే దాతలకు మా విన్నపం ఒకటుంది. బోరు చుట్టూ సిమెంటు గట్టు, నీళ్లు పోయే కాలువ కూడా కట్టించండి. నిలిచిన నీటిలో దోమలు పుడతాయి. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులోనే కనుగొన్నారు. కోరంటి దవాఖానకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ట్యాంకు కడిగించడానికీ, క్లోరిన్ వేయించడానికీ ఏటా ఖర్చవుతుంది. పేరుపలక పెట్టే చోటు లేని ఖర్చు కాబట్టి దాతలు దొరకడం కష్టం. జకాత్ సొమ్ముకు హక్కుదారులు వేరే ఉన్నారు, దాన్ని మేము అడగడం లేదు. ఈ ఏటి సదఖాలో కొంత ఈ పద్దు కింద రాయించండి.